మానేసినవి

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నేను చేసే మొదటి పని సింకు ముందు నిలబడటం. మూడు టిఫిన్ డబ్బాలు, మూడు నీళ్ల సీసాలు. నావి, మా ఆయనవి, మా అమ్మాయివి. డబ్బా మూత తీస్తే చాలు, ఎవరి రోజు ఎలా గడిచిందో చెప్పేస్తాను. మా ఆయన కళ్లజోళ్ల షాపులో రద్దీగా ఉన్న రోజు డబ్బాలో సగం మిగిలిపోతుంది. ఈగలు తోలుకున్న రోజు నాకేసినట్టు ఖాళీగా ఉంటుంది. ఈ పని నాకు ఎవరూ అప్పగించలేదు. "నీకు కడగడమంటే ఇష్టంలే" అంటాడు ఆయన, సోఫాలో కాళ్లు చాపుకుని. పెళ్లయిన పదహారేళ్లలో నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక్క సీసా కడగనూ లేదు. రెండూ నిజమే. రెండూ ఒకే ఇంట్లో సర్దుకుని కాపురం చేస్తున్నాయి.

నేను సుఖంగానే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఆడదాని కథ అనగానే చేతిరుమాలు వెతుక్కునేవాళ్లుంటారు. మా అత్తయ్య నోరు పెద్దదే గానీ మనసు అంతకంటే పెద్దది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పుట్టినప్పటి నుంచీ ఇల్లు పీకి పందిరేస్తోందని వాళ్ల నానమ్మ దానికి గడుగ్గాయి అని పేరు పెట్టింది. అది చదివే బడిలోనే నేను గుమాస్తాని. హాజరు పట్టికలు, సర్టిఫికెట్లు, వచ్చే టపా, వెళ్లే టపా అన్నీ నా చేతి మీదుగానే నడుస్తాయి. పదకొండేళ్లుగా టెంపరరీ. నన్ను పర్మినెంట్ చేయమని రాసిన ఫైలు హెడ్మాస్టరు గారి టేబుల్ మీద ఉంది. ఆయన ఒక్క సంతకం పెడితే చాలు.

ఆ నెలలో పైఆఫీసు నుంచి కొన్ని ఫారాలు వచ్చాయి. పిల్లలు బడిలో ఎంత భద్రంగా ఉన్నారో కనుక్కుని పంపమన్నారు. అన్ని జవాబులూ "భద్రం" అని వస్తే బడికి సురక్షిత పాఠశాల అని ఒక పత్రం ఇస్తారట. దాన్ని ఎక్కడ తగిలించాలో హెడ్మాస్టరు గారు అప్పుడే మేకు కూడా కొట్టించేశారు. నాలుగు వందల పన్నెండు ఫారాలు లెక్కగట్టే పని ఎవరికివ్వాలన్నప్పుడు, "ఆడవాళ్లకి ఓపిక ఎక్కువ, ఆవిడకిచ్చెయ్యండి సార్" అన్నాడు మా ఆఫీసు సూపరింటెండెంటు. ఓపిక ఎక్కువన్నందుకు పొంగిపోవాలో, పని నా నెత్తిన పడ్డందుకు ఏడవాలో తెలియక నవ్వాను.

లెక్క ఎంత తేలికంటే, అనుమానమొచ్చేంత తేలిక. బడిలో నిన్నెవరైనా కొట్టారా? లేదు. బెదిరించారా? లేదు. బడిలో భద్రంగా ఉన్నావా? అవును. నాలుగు వందల పన్నెండు మందీ అదే. పైన పేరు, తరగతి, రోల్ నంబరు. అవి రాస్తున్నంతసేపూ టీచరు పక్కనే నిలబడి ఉన్నారు. అడుగున "ఇంకా ఏమైనా చెప్పాలంటే వేరే కాగితం జతచేయవచ్చు" అని ఉంది. ఒక్కరూ జతచేయలేదు.

ఆ సాయంత్రమే సింకు దగ్గర మా గడుగ్గాయి సీసా మూత తీశాను. నీళ్లు పొద్దున నేను పోసినవి పోసినట్టే ఉన్నాయి. ముందు రోజూ అంతే. అసలు ఈ ఏడాదంతా అంతేనేమో, నేను తీసి పారబోస్తున్నానే తప్ప అడగలేదు.

"నీళ్లెందుకు తాగట్లేదే?"

"తాగితే వెళ్లాలి కదమ్మా."

"వెళ్లు. ఎవరొద్దన్నారు?"

అది నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది. ఆడపిల్లల బాత్రూములకి వెనక మెట్ల మీదుగా పోవాలి. ఇంటర్వెల్లో పదో తరగతి మగపిల్లలు ఆ మెట్లకి రెండు వైపులా కూర్చుంటారు. మధ్యలో ఒక్క మనిషి పట్టేంత దారి వదులుతారు. వెళ్లే ప్రతి అమ్మాయికీ పదికి ఇన్ని అని మార్కులేస్తారు. వచ్చేటప్పుడు మళ్లీ వేస్తారు. మొదటిసారి వేసినదానికీ రెండోసారి వేసినదానికీ తేడా ఎందుకొచ్చిందో గట్టిగా చర్చించుకుంటారు.

"నీకెంతేశారు?" అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

"ఒకసారే వెళ్లాను" అంది. అంకె చెప్పలేదు.

"మరి ఫారంలో భద్రం అని రాశావేంటే?"

"కొట్టారా అని అడిగారు. ఎవరూ కొట్టలేదు. అయినా నువ్వేగా చెప్పావు, ఎవరేమన్నా తలదించుకుని వచ్చెయ్యమని. నేనసలు అటు వెళ్లడమే మానేశాను. ఇంకేం గొడవ?"

గర్వంగా చెప్పింది. పాఠం బాగా అప్పజెప్పిన పిల్లలా చెప్పింది. ఆ పాఠం నాదే. నాకు మా అమ్మ చెప్పింది, వాళ్లమ్మ ఆమెకి చెప్పి ఉంటుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఎంత చక్కటి సామెత! ఎక్కడ అడుసుందో కనిపెట్టడం, చుట్టూ తిరిగి పోవడం, అలా పోయినందుకు తెలివైనదాన్నని మురిసిపోవడం, ఇందులోనే నాకు సగం వయసు గడిచిపోయింది. కాలేజీ రోజుల్లో రెండు వీధులు చుట్టు తిరిగి బస్టాపుకి వెళ్లేదాన్ని, నడక ఒంటికి మంచిదని అందరికీ చెప్పేదాన్ని. దారి మధ్యలో అడుసు ఎవరు పోశారని మాత్రం మా ఇంటావంటా ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మర్నాడు ఇంటర్వెల్లో ఆ మెట్ల దగ్గరికి వెళ్లాను. పిల్లలు గబగబా లేచి, "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. బుద్ధిమంతుల్లా ఉన్నారు. వాళ్లలో ఇద్దరి అడ్మిషన్ ఫారాలు నేనే నింపాను.

ఫారంలో తప్పుందని నాకప్పుడు అర్థమైంది. పిల్లల్ని ఎవరేం చేశారని అడుగుతున్నారు, పిల్లలు ఏం చేయడం మానేశారని అడగడం లేదు.

హాజరు సరిచూడాలని చెప్పి ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకి వెళ్లాను. టీచర్లని టీకి పంపేశాను, వాళ్లు కాదంటారా! ఒక్కొక్కరికీ అరకాగితం ఇచ్చాను. పేరొద్దు, రోల్ నంబరొద్దు. ఒకటే ప్రశ్న బోర్డు మీద రాశాను. ఈ బడిలో నువ్వు ఏం చేయడం మానేశావు? ఎందుకు? రాసి మడిచి ఖాళీ సుద్దముక్కల డబ్బాలో వేయమన్నాను. కాసేపు ఎవరూ కదల్లేదు, కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. ఆ తర్వాత ఒక పెన్ను కదిలింది, దాని వెంట అన్నీ కదిలాయి.

నూట పద్దెనిమిది కాగితాలు. ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాను. నీళ్లు తాగడం, నీళ్లు తాగడం, నీళ్లు తాగడం. అలాంటివే ముప్ఫై తొమ్మిది. "నవ్వడం. ఎత్తుపళ్లని పేరు పెట్టారు." "జడ వేసుకోవడం. వెనక బెంచీవాళ్లు లాగుతున్నారని జుట్టు కత్తిరించుకున్నాను. ఇంట్లో ఫ్యాషనని తిట్టారు." ఆడపిల్లలవే అనుకుంటే పొరపాటు. "గ్రౌండుకి వెళ్లడం. బంతి లేకపోతే నన్నే తంతారు." "లెక్కల్లో డౌటు అడగడం. స్కేలు విరిగేదాకా కొడతారు." ఒక కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అందులో ఇలా ఉంది. "మెట్ల మీద కూర్చోవడం మానేద్దామనుకున్నాను. మానేస్తే మార్కులు నాకు వేస్తారు. అందుకే మానలేదు."

మా ఆయన వచ్చి చూశాడు. "గాలికి పోయే కంప నీకెందుకోయ్? ఫైలు మీద సంతకం పడేదాకా నోరు మూసుకుంటే పోలా?" అన్నాడు. కోపం లేదు, నిజంగా నా మంచికే. ఆ మాట అంటూనే ఒక ఖాళీ కాగితం లాక్కున్నాడు. "సరే, నాకూ ఒకటి. బడి కాకపోతే ఇల్లూ బజారూ అనుకుని రాస్తాను, చూడు."

కూర్చున్నాడు. పెన్ను టకటకలాడించాడు. పైకప్పు చూశాడు. నేను కూర తరిగేశాను, ఆయన కాగితం ఇంకా తెల్లగానే ఉంది.

"నేనేమీ మానెయ్యలేదే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"సిగరెట్లు మానావు కదా" అని గుర్తుచేశాను.

"అది డాక్టరు మాన్పించాడు. భయపడి మానలేదు." ఇంకాసేపు ఆలోచించాడు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా పోయింది. పాపం, వెతికి వెతికి చూసుకున్నాడు, నిజంగానే ఏమీ దొరకలేదు.

అప్పుడు మా అత్తయ్య గదిలోంచి గొంతు వినిపించింది. "అమ్మాయీ, వెనక పక్క కూడా రాయొచ్చా?"

ఆవిడ ఎప్పుడు కాగితం తీసుకెళ్లిందో మేమెవరమూ చూడలేదు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, రెండు వైపులా నింపి తెచ్చింది. గుమ్మంలో కూర్చోవడం. పైకి చదువుకోవడం. ఒక్కదాన్నే సినిమాకి వెళ్లడం. ఈల వేయడం.

"అమ్మా, నీకు ఈల వచ్చా?" మా ఆయన నోరు తెరిచేశాడు.

"మీ నాన్నకి కూడా తెలియదులేరా" అంది. తర్వాత, మేమంతా అలా చూస్తుంటే పౌరుషమొచ్చిందేమో, పెదాలు తడుపుకుని ఊదింది. మొదట గాలే వచ్చింది. రెండోసారి వీధిలో కుక్క చెవులు నిక్కబొడుచుకునేలా వచ్చింది. గడుగ్గాయి కిందపడి దొర్లింది. అంత గట్టిగా అది నవ్వి ఎన్ని నెలలైందో లెక్కేసుకుంటే నాకు ఏడుపొచ్చింది, నవ్వు కూడా వచ్చింది. ఆ పూట మా ఇంట్లో ఉన్నంత సంతోషం ఏ ఇంట్లోనూ ఉండి ఉండదు.

ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లాక నా కాగితం తీసుకున్నాను. నేనేం మానేశాను? హాయిగా ఉన్నదాన్ని, నాకేం ఉంటుంది? పెన్ను పెట్టేసరికి చెయ్యి దానంతటదే రాసేసింది. ఆఫీసులో కూర్చుని పని చేసుకోవడం. సూపరింటెండెంటు గారు నా టేబుల్ దగ్గరికి వస్తే నేను లేచి నిలబడతాను. కూర్చుంటే వెనక నుంచి వంగి, కుర్చీ మీద చెయ్యి వేసి, నా భుజం మీదుగా రిజిస్టరు చూస్తాడు. ఊపిరి మెడకి తగులుతుంది. ఎప్పుడూ ముట్టుకోలేదు. పదకొండేళ్లుగా రోజుకి పదిసార్లు లేచి నిలబడుతున్నాను. ఆయన దాన్ని మర్యాద అనుకుంటాడు. ఆఫీసంతా అలాగే అనుకుంటోంది. నిజం చెప్పాలంటే నేనూ దాన్ని మర్యాదే అనుకోవడం అలవాటు చేసుకున్నాను. దాని కింద ఇంకో మాట రాశాను: నా కూతురికి కూడా ఇదే నేర్పాను.

గడుగ్గాయి ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి చదివేసింది. "ఆఖరిది కొట్టెయ్యమ్మా" అంది.

"ఉండనీవే. నిజమేగా."

అది నా మెడ చుట్టూ చేతులు వేసి కాసేపు వదల్లేదు. కాగితం మీద మొదట నా పేరు లేదు. పడుకోబోయే ముందు మళ్లీ తీసి, పైన నా పూర్తి పేరు, ఉద్యోగం రాశాను.

మర్నాడు హెడ్మాస్టరు గారు నన్ను పిలిచేసరికి పదకొండు దాటింది. పిల్లల కాగితాల సంగతి ఎవరో ఆయనకి చెప్పేశారు. నేను కట్ట తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఆయన చెడ్డమనిషి కాదు. నాలుగైదు చదివి నుదురు రుద్దుకున్నారు.

"ఒక్కదాని మీదా పేరు లేదు. ఏ అల్లరి వెధవలో సరదాకి రాసుండొచ్చు. వీటిని నమ్మి పైకి ఎలా పంపుతారమ్మా?"

"పేరున్నది ఒకటుంది సార్. అడుగున ఉంది."

తీసి చదివారు. రెండోసారి చదివారు. తలుపు వైపు చూశారు. తలుపవతల సూపరింటెండెంటు గారు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"పదకొండేళ్లు ఎందుకు చెప్పలేదు?" గొంతు తగ్గింది.

"ఎవరూ అడగలేదు సార్."

నా కాగితాన్ని మళ్లీ అడుగునే పెట్టారు. తర్వాత కట్టంతా దగ్గరికి తీసి, అంచులు సమంగా సర్దారు. "చూడమ్మా, మీ ఫైలు ఈ వారమే సంతకం చేద్దామనుకున్నాను. నేను కాదనను. మెట్ల సంగతి నేను చూసుకుంటాను. ఆయనతో కూడా మాట్లాడతాను. కానీ మన ఇంటి గుట్టు మనమే బయటపెట్టుకోవడం దేనికి? ముందు రాయించిన ఫారాలున్నాయిగా, అవి పంపండి. ఇవి మాత్రం నా దగ్గరే ఉంటాయి."

సొరుగు తెరిచి కట్టని లోపల పెట్టారు. తాళం వేశారు. భయమేసింది నాకు, వెయ్యలేదంటే అబద్ధం. కానీ నాలో ఎక్కడో చాలా ఏళ్లుగా బిగుసుకుని ఉన్నది వదులైనట్టుంది. మాట వణకలేదు.

"ఉంచుకోండి సార్. అది జిరాక్సు తీసిన ఆఫీసు కాపీ. అసలువి ఫారాలకి జతచేసి, తయారు చేసినవారు అన్న చోట నేనే సంతకం పెట్టి, పొద్దుటి టపాలో పంపేశాను."