లేని మచ్చ

మైదా గంజి వాసన.

తడి గోడ మీద తడి కాగితం. కింద చితికిన టమాటాల పులుపు, పక్కనే ఆగిన లారీల డీజిల్ పొగ... ఆ రెండింటినీ మించి, ఇంకా ఆరని మైదా గంజి.

మదనపల్లె టమాటా మార్కెట్ గోడ పక్కన పొద్దున్నే నడిచేవాళ్ళు తలెత్తరు. కాలు జారుతుందని కిందే చూస్తారు. మెర్లిన్ కూడా రోజూ కిందే చూస్తూ ఆస్పత్రికి డ్యూటీకి పోయేది. ఆ రోజు ఎందుకో తలెత్తింది.

తమ్ముడు కనిపించాడు.

గోడ మీద. నవ్వుతూ.

వినోద్, వయసు ఇరవై ఆరు — ఏడేళ్ళు గడిచినా కాగితం మీద వాడికి ఇరవై ఆరే. ఆచూకీ తెలిపిన వారికి రెండు లక్షల రూపాయల ప్రభుత్వ బహుమతి. తెలిపిన వారి వివరాలు గోప్యంగా ఉంచబడును.

బహుమతి.

పరుగు పందెంలో గెలిచినవాడికి ఇచ్చేదాన్ని బహుమతి అంటారు. మనిషి మాయమైన చోట వాడే మాటా అది? మెర్లిన్‌కు ఒళ్ళు మండింది. మండినా అక్కడే నిలబడింది. స్టేషన్ల గడపలు తొక్కీ తొక్కీ తన చెప్పులు అరిగాయి గాని, ఏ అధికారీ వాడి ముఖాన్ని ఇంత పెద్దదిగా చూసింది లేదు. ఇప్పుడు ఊరంతా చూస్తుంది.

చూడనీ.

వినోద్ పికప్ బండి నడిపేవాడు. టమాటా పెట్టెలు వేసుకుని పుంగనూరు మీదుగా, పలమనేరు మీదుగా, కుప్పం దాకా. ఒక వానాకాలం అలాగే వెళ్ళాడు. కుప్పం ఇవతల, రోడ్డు పక్కన, బండి దొరికింది. తాళం దానికే ఉంది. పెట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. టమాటాలు కుళ్ళి కారుతున్నాయి. వాడు లేడు.

సీటు మీద నెత్తురన్నారు. కాదు, టమాటా రసమన్నారు. పరీక్షకు పంపామన్నారు. ఆ పరీక్ష ఏమైందో దేవుడికే తెలియాలి. అనుమానాస్పద అదృశ్యం అని పేరు పెట్టారు. పేరు పెట్టాక పనైపోయినట్టే.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయట. ఇక్కడ ఏడేళ్ళు పట్టింది.

గోడ మీద గంజి ఆరకముందే మెర్లిన్ ఇంటి ముందు చెప్పులు చేరాయి. వాల్మీకిపురం నుంచి ఒకాయన — వినోద్‌ను తిరుపతిలో గుండుతో చూశాడట. బాప్తిస్మం తీసుకున్నవాడికి తిరుపతిలో గుండెందుకో ఆయనే చెప్పాలి. సదుం నుంచి ఒకామె — సంతలో గాజులమ్ముతుండగా చూసిందట. ఒకరు లావుగా చూశారు, ఒకరు సన్నగా చూశారు. ఒకాయనైతే వాడి భార్యనూ పిల్లల్నీ కూడా చూశాడు. వాడికి పెళ్ళే కాలేదు మహానుభావా.

పక్కింటి ఆదెమ్మ... ఇన్నేళ్ళలో ఒక్కరోజు వాడి పేరెత్తని ఆదెమ్మ... గ్లాసుతో కాఫీ తెచ్చింది.

"మెర్లినూ, ఊరికే అడుగుతాండా. ఆ దుడ్లు సేతికిస్తారా, బ్యాంకులో ఏస్తారా?"

"నువ్వు సూసినావా అక్కా వాణ్ణి?"

"యాడ సూసేది. ఒగేళ సూస్తే అని."

మెర్లిన్ కాఫీ తాగింది. కాఫీ ఏం పాపం చేసింది.

ఒక ఆదివారం, చర్చి నుంచి వస్తూ, మళ్ళీ ఆ గోడ దగ్గర ఆగింది. అప్పటిదాకా వాడి నవ్వే చూసింది. ఆ రోజు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివింది.

గుర్తులు: కుడి మోచేతి మీద పుట్టుమచ్చ. మెడకు ఎడమ వైపు పుట్టుమచ్చ.

మచ్చా?

వాడికి మచ్చ లేదు.

అమ్మ పుష్పమ్మ ఆస్పత్రిలో ఆయా పనికి పోతే వాడికి నీళ్ళు పోసింది మెర్లిన్. మోచేతులు రుద్దింది మెర్లిన్. మెడ వెనక మట్టి ఒలిచింది మెర్లిన్. వాడి ఒంటి సంగతి ఆమెకు చెప్పడమంటే అమ్మ పుట్టిల్లు గురించి మేనమామ దగ్గర చెప్పినట్టే.

ఉన్న గుర్తు ఒక్కటే. ఎడమ కాలు, రెండో వేలు. చిన్నప్పుడు సైకిలు చైనులో పడి తెగిపోయింది. సగం వేలు. గోరు లేని వేలు. ఆ వేలికి కట్టు కట్టిందీ, కట్టు మారుస్తుంటే వాడు పెట్టిన పెడబొబ్బలు విన్నదీ మెర్లినే.

మచ్చ లేదు.

పోస్టరు మీది నంబరుకు ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి, తేనె పూసినట్టు మాట్లాడింది.

"వ్యక్తిని ఎక్కడ చూశారు మేడం?"

"సూడల్యా. వాడికి ఆ మచ్చలు లేవమ్మా, అది సెప్పేదానికే."

"చూడకపోతే నమోదు చేసుకునే వీలు లేదు మేడం."

చూడనివాళ్ళంతా చూశామంటే రాసుకున్నారు. తనది మాత్రం రాసుకోరు.

ఇంటికొచ్చి తన పదో తరగతి సర్టిఫికెట్ తీసింది. కుడి మోచేయి. మెడకు ఎడమ వైపు. పొల్లు పోకుండా అవే. తన మోచేయి తిప్పి చూసుకుంది. నున్నగా ఉంది.

అప్పుడు అర్థమైంది. పదో తరగతి పరీక్షకు ముందు బళ్ళో అయ్యవారు ప్రతి పిల్లకూ పిల్లవాడికీ రెండేసి పుట్టుమచ్చలు రాసి పంపాలి. మచ్చ లేనివాడికీ రెండు ఉండి తీరాలి. వెతికే ఓపిక ఎవరికుంది? తోచింది రాసేస్తారు. మెర్లిన్ ఎరిగినవాళ్ళలో సగం మంది లేని మచ్చలతోనే ఉద్యోగాలు చేశారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఎవరి కొంపా మునగలేదు.

కంప్లైంటు ఇచ్చిన రోజు, గుర్తులేమిటని స్టేషన్‌లో అడిగితే, నాన్న ప్రసాదరావు నోటితో చెప్పలేదు. వినోద్ సర్టిఫికెట్ చేతికిచ్చాడు. సర్కారు కాగితం ముందు తన కళ్ళెంత, తన మాటెంత.

అక్కడ మెర్లిన్ ఆగిపోయింది.

వినోద్ మాయమైన నెలకు, కుప్పం దగ్గర రాళ్ళ క్వారీ గుంటలో ఒక శవం తేలింది. ముఖం ఆనవాలు లేదు. స్టేషన్ నుంచి నాన్నకు ఫోనొచ్చింది. "మీవోడు గాదులేప్పా. మచ్చలు కలవలేదు. అనాథ శవమని పూడ్సేసినాం." నాన్న అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడ్డాడు. ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించాడు. అందరికీ బూందీ పంచాడు. పొట్లాలు కట్టింది మెర్లిన్.

లేని మచ్చ లేదన్నందుకు... దేవుడికి వందనాలు చెప్పుకున్నారు.

నాన్న ఆ ధైర్యంతోనే పోయాడు. ఆయన వెనక అమ్మ కూడా. ఇంతకాలం వాణ్ణి బతికించింది ఆ మచ్చే.

మర్నాడు సెలవు పెట్టి పుంగనూరు బస్సెక్కింది. అక్కకూ తమ్ముడికీ పదో తరగతి చెప్పిన శాలేము రాజు సారు రిటైరై అక్కడే ఉంటున్నాడు. వాకిట్లో పొట్టి ఆవుకు ఎండు వేరుశెనగ కట్టె మేతగా వేస్తున్నాడు. చెప్పిందంతా విన్నాడు. చాలాసేపు ఆవు వీపు నిమిరాడు.

"అందరికీ అవే రాసినా తల్లీ. ఆడపిల్లోళ్ళు, మగపిల్లోళ్ళు... అందరివీ యాడ సూసేది. మచ్చతో ఎవురికేం పని అనుకుంటి."

"ఈ మాట స్టేషన్‌కొచ్చి సెప్పండి సార్."

సారు ముఖం వాడిపోయింది.

"సంతకం నాదమ్మా. తప్పు రాసినానని నేనే పోయి సెప్తే... పెన్షన్ ఉండాది గదా. ఈ వయసులో ఈ గొడవ యాల నాకు." చేతులు తుడుచుకుని, "ప్రార్థన చేద్దాం తల్లీ," అన్నాడు.

చేశాడు. పొడుగ్గానే చేశాడు. మచ్చ సంగతి దేవుడికి పూసగుచ్చినట్టు చెప్పాడు. పోలీసులకు మాత్రం చెప్పడు. మెర్లిన్ కళ్ళు మూసుకోలేదు, ఆవును చూస్తూ నిలబడింది. చివర ఆమేన్ మాత్రం అంది, పెద్దాయన కదా.

పుంగనూరు బస్టాండులోనూ పోస్టర్లున్నాయి. వినోద్ ఒక్కడే కాదు. నిమ్మనపల్లె వైపు పొలానికి పోయి తిరిగిరాని ఒక రైతు. కాలేజీకని బయల్దేరిన ఒక పిల్ల. చెరుకు తోటలో ఎవరు చంపారో తేలని ఒకాయన. అందరూ నవ్వుతున్నారు, ఫోటో దిగినప్పుడు తెలియదు కదా. ఆ పిల్ల ముఖం కింద కూడా కుడి మోచేయి అనే రాసి ఉంది. అది ఏ సారు రాశాడో. ఏ ఇంట్లో ఎవరు ఆ మచ్చను నమ్ముకుని అన్నం తింటున్నారో.

మెర్లిన్ ఇంటికి పోలేదు. ఎక్కిన బస్సు కుప్పం వైపు తిరిగింది. రోడ్డు పక్కన రాళ్ళు... రాళ్ళు... మధ్యలో మామిడి తోటలు... మళ్ళీ రాళ్ళు. తమ్ముడు రోజూ పోయిన దారి. మెర్లిన్ ప్రతి గుంటనూ చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది.

శవాన్ని పూడ్చిన ఆ స్టేషన్ పేరు చెప్పి లాభం లేదు. ఎక్కడైనా ఆ బల్లే, ఆ ఫ్యానే.

హెడ్ కానిస్టేబుల్ మునికుమార్ చెడ్డవాడు కాదు. అదే చిరాకు. చెడ్డవాడైతే నాలుగు మాటలని వచ్చేయొచ్చు. మంచినీళ్ళిచ్చాడు. ఆ శవం పాత ఫైలు వెతికి, దుమ్ము దులిపి తెచ్చాడు.

"కాళ్ళు ఎట్లుండాయో రాయలేదే అమ్మా."

"మచ్చలు లేవని రాసినారా?"

"అది రాసినారు. సూడమనింది అదే గదా."

"వాడికి మచ్చలు లేవు సార్."

"సర్టిఫికెట్‌లో ఉండాయి గదమ్మా."

"సర్టిఫికెట్ తప్పు సార్. మా సారే ఒప్పుకున్న్యాడు."

"అయితే ముందు అది మార్పించుకోని రామ్మా. అది మారితే పోస్టరు మారుస్తాం. పోస్టరు మారితే పూడ్సిన గుంత తవ్వేదానికి పైకి రాస్తాం."

"అది మార్పించాలంటే ఏం సేయాల?"

"ఏముండాదమ్మా. ఆ మనిషే వచ్చి సంతకం పెట్టాల."

ఫ్యాను తిరిగింది.

తను అన్నది మునికుమార్‌కు అప్పుడు వినబడింది. తల వంచుకుని ఫైలుకు దారం చుట్టాడు. మెర్లిన్‌కు నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచి బయటికొచ్చింది.

కుప్పం బస్టాండు. ఒక చెవిన తెలుగు, ఒక చెవిన తమిళం. స్తంభానికి వినోద్.

పక్క అంగట్లో నల్ల స్కెచ్ పెన్ను కొంది. మూత తీసింది.

పెన్ను కాగితానికి ఆనించలేదు.

మచ్చ ఉంటే వాడు ఎక్కడో ఉన్నాడు. తిరుపతిలో గుండుతో ఉన్నాడు. సదుం సంతలో గాజులతో ఉన్నాడు. మచ్చ కొట్టేస్తే... గుంటలో తేలింది వాడే కావచ్చు. సారు మీద, స్టేషన్ మీద, ఊరి మీద ఇంతసేపూ ఉన్న కోపం ఒక్కసారి జారిపోయింది. మెర్లిన్‌కు భయమేసింది. వట్టి భయం. ఇంటికి పోయి, ఏమీ చదవనట్టు, ఆదెమ్మ కాఫీ తాగుతూ బతికేయాలనిపించింది.

లేనిదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళని వేలాడేది.

కొట్టేసింది. మోచేతి మచ్చ కొట్టేసింది. మెడ మచ్చ కొట్టేసింది. కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది — ఎడమ కాలి రెండో వేలు సగమే ఉంటుంది. గోరు ఉండదు.

"సర్కారు కాగితం మీద రాయగూడదమ్మా," అన్నాడు బస్సు కోసం నిలబడ్డ ఒకాయన.

"పోయి సెప్పుకో పో," అంది.

స్తంభం పక్కనే పనసతొనలు అమ్మే ఆవిడ గంప పెట్టుకుని కూర్చుని ఉంది. వచ్చేపోయేవాళ్ళు పాపక్కా అని పిలుస్తున్నారు. చాలాసేపటి నుంచి మెర్లిన్‌నే చూస్తోంది.

"ఏం రాస్తివమ్మా? నాకు సదువు రాదు."

మెర్లిన్ చదివి వినిపించింది. విసుగ్గానే చదివింది. ఇంకో ఆదెమ్మ, ఇంకో సదుం మనిషి. ఇప్పుడు దుడ్లు ఎట్లిస్తారని అడుగుతుంది.

పాపక్క చేతిలో కత్తి ఆగింది.

"ఏ కాలంటివి?"

"ఎడమ కాలు."

"రెండో వేలా?"

"అవును."

పాపక్క ఇటు చూసింది. అటు చూసింది. కృష్ణగిరి బస్సు అరుచుకుంటూ కదిలింది. అది పోయాక గంపను పక్కకు జరిపి, తన పక్కన నేల మీద చెయ్యి తట్టింది.

"నాకా దుడ్లు వద్దు తల్లీ. నా పేరు యాడా ఎత్తగూడదు. కూసో, సెప్తా."

మెర్లిన్ కూర్చోలేదు. ముందు ఒక్కటి అడగాలి. ఒక్కటే. ఆ కాలు నడుస్తుండగా చూసిందా... కదలకుండా ఉండగా చూసిందా.

పెన్నుకు మూత పెట్టింది. పాపక్క ఆమె ముఖంలోకే చూస్తూ నేల మీద మళ్ళీ చెయ్యి తట్టింది.