ఎడమ చక్రం తొందర

నా బండిలో ఎడమ పక్క పేర్చిన టమాటాలు మదనపల్లె మార్కెట్టుకు చేరేలోపే పండిపోతున్నాయి. కుడి పక్కవి తోటలో కోసినప్పటి పచ్చికాయల్లాగే ఉంటున్నాయి. ఒకే తోట, ఒకే కోత, ఒకే పట్ట కింద ముప్పై ఎనిమిది కిలోమీటర్ల ప్రయాణం. ఈ వారం ఎడమ పక్క క్రేట్లలో కాయలు మెత్తబడి కారుతున్నాయి. వాటిలోని విత్తనాలకు మొలకలు కూడా వచ్చాయి.

మార్కెట్లో వాళ్ళు ఇది తోటకు పట్టిన తెగులంటున్నారు. నేను బండికి పట్టిన తెగులంటున్నాను. వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్ అని ఒక ఇనుప డిప్ప ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఆ తేడాను సర్దేది ఆ డిప్పలోని పళ్ళచక్రాలు. నెలరోజులుగా అందులోంచి మూలుగు వస్తోంది. యాక్సిలరేటర్ తొక్కితే మూలుగుతుంది, వదిలితే ఊరుకుంటుంది.

ఈ పికప్ నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కొనేముందు హైవే మీద తిన్నగా పన్నెండు కిలోమీటర్లు నడిపి చూసుకుని మురిసిపోయాను. మలుపుల్లో కూడా తిప్పి చూడమని నా భార్య రెడ్డిరాణి అప్పుడే చెప్పింది. నేను చెవిన పెట్టలేదు. బండి సంగతులు భార్య దగ్గర నేర్చుకునే రకాన్ని కాదని ఆ రోజు గొప్పగా అనుకున్నాను. ఇప్పుడు ఆ గొప్పను తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

రెడ్డిరాణి కూర్చునేది ఎడమ సీట్లో. ఆమె నాకన్నా మూడేళ్ళు చిన్నది. కిందటి బుధవారానికి నా ఈడుకు వచ్చేసింది. ఈ రోజు శుక్రవారం. ఆమె పాపిట పక్కన ఒక పాయ తెల్లబడింది, ముక్కు మీద కళ్ళజోడు ఉంది. ఎక్కడిదని అడిగితే, తిరుపతిలో నేనే చూపించి కొనిచ్చానని చెబుతోంది. నేను ఆమెను ఇంకా తిరుపతికి తీసుకుపోలేదు.

ఆమె నన్ను వదిలి ముందుకు వెళ్ళిపోతోంది. నాకు భయంగా ఉంది. ఇలాగే ఇంకో నెల తిప్పితే మా అమ్మ ఈడుకు వస్తుంది. ఆ తర్వాతి నెల సంగతి ఆలోచించే ధైర్యం నాకు లేదు. ఇంట్లో ఉండిపొమ్మని బతిమాలాను, తిట్టాను కూడా. పొద్దున్నే నాకన్నా ముందు ఎడమ తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంటోంది. అక్కడ తనకు పనుందట. ఎక్కడో నేను అడగలేదు.

పదకొండు గంటలకు బండిని ఖాజాపీర్ షెడ్డులో పెడుతున్నాను. ఖాజాపీర్ ఇరవై ఏళ్ళుగా డిఫరెన్షియల్ పని తప్ప వేరే పని ముట్టుకోని మెకానిక్. విప్పకుండానే రోగం చెబుతాడని పేరు. రెడ్డిరాణి బండి దిగలేదు. ఆమెను ఒకసారి చూసి, టమాటాలను ఒకసారి చూసి, అతను బండి కింది గుంతలోకి దిగుతున్నాడు. కుడి చక్రం పక్కనున్న మెట్లు మూడే. దిగడానికి అతనికి పావుగంట పడుతోంది.

గేరు వేసి క్లచ్ మెల్లగా వదలమంటున్నాడు. వదిలితే కింద టక్కుమంటోంది. పళ్ళచక్రాలు అరిగిపోతే ఇలా ఒకసారి కొట్టుకుంటాయని నాకూ తెలుసు. ఇంజను ఆపేశాక కూడా ఇంకో రెండుసార్లు టక్కు టక్కుమంది. ఇది అరుగుదల కాదని, లోపలి నుంచి ఎవరో కొడుతున్నారని ఖాజాపీర్ తేల్చేశాడు. గొంతులో ఏ మార్పూ లేదు.

తర్వాత మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ మొనను డిప్పకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటున్నాడు. మెకానిక్కులంతా బేరింగు శబ్దం ఇలాగే వింటారు. చాలాసేపు విని, నన్ను కూడా పిలిచి పిడిని నా చెవికి ఆనించాడు. లోపల ఒక ఆడపిల్ల ఎక్కాలు చదువుతోంది. ఏడో ఎక్కం సగంలో తడబడి మళ్ళీ మొదలుపెడుతోంది. 

ఖాజాపీర్ గేరాయిల్ దించుతున్నాడు. ఆయిల్ నల్లగా, చిక్కగా జారి ట్రేలో పడుతోంది. అడుగున బిగించే బోల్టుకు చిన్న అయస్కాంతం ఉంటుంది. లోపల అరిగిన ఇనుప రజను దానికి అంటుకుంటుంది. ఈ రోజు దానికి రెండు పాలపళ్ళు అంటుకుని ఉన్నాయి.

రెడ్డిరాణి అప్పుడు బండి దిగుతోంది. పళ్ళు తీసుకుని కొంగుతో తుడుస్తోంది.

"దొరికినాయా. నిన్నంతా ఎతికినా," అంటోంది.

షెడ్డు వెనక కట్టేసిన ఆవు దగ్గరికి పోయి, పేడ ముద్దలో పళ్ళు రెండూ పెట్టి, రేకుల కప్పు మీదికి విసిరింది. పిల్లల పాలపళ్ళు ఊడితే ఎవరైనా అదే చేస్తారు. మాకు పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. ముద్ద రేకుల మీద పడిన చప్పుడు కోసం నేను ఎదురుచూస్తున్నాను. చప్పుడు రావడం లేదు.

"నువ్వింకా ఆడికి రాలేదు గానీ, మనకు బిడ్డ పుట్టిందయ్యా," అంటోంది రెడ్డిరాణి చేతులు కడుక్కుంటూ. "ధరణి. ఏడేండ్లు. దినామూ బడికాడ దింపేది నేనే. నీ మాదిరే, చెప్తే వినదు."

చెప్పి మళ్ళీ ఎడమ సీట్లో ఎక్కి కూర్చుని కళ్ళు మూసుకుంది.  ట్రే పక్కనే కూలబడ్డాను.

బండిని ఎక్కడైనా అదేపనిగా ఒకే పక్కకు తిప్పానా అని ఖాజాపీర్ అడుగుతున్నాడు. తిప్పాను. బిడ్డ కోసం గుడి ఉన్న గుట్ట చుట్టూ నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తానని రెడ్డిరాణి మొక్కుకుంది. కాలినడకన చేయాల్సిన మొక్కు. బండి ఉండగా ఈ ఎండలో నడకేమిటని నేనే ఆమెను ఎక్కించుకుని, నెల కిందట రెండు రోజుల్లో నూటెనిమిది చుట్లూ బండి మీదే చుట్టేశాను. ప్రదక్షిణ అంటే కుడికి తిరగడం. చుట్టు చుట్టుకూ ఎడమ చక్రమే ఎక్కువ నడిచింది.

ఖాజాపీర్ తల ఊపుతున్నాడు. "మంచి డిఫరెన్షియల్ మలుపు అయిపోతానే తేడా మర్చిపోతుందన్నా. ఇది మర్చిపోలే. అంతా దాచిపెట్టుకోనుంది. ఇప్పుడు మామూలు మలుపు తిరిగినా దానికి అదే దావ, ఎడమ పక్కను ముందుకు తోసేస్తాది."

విప్పి కొత్త పళ్ళచక్రాలు వేయమన్నాను. విప్పితే లోపలున్న పిల్ల ఎక్కడికి పోతుందో తనకు తెలియదన్నాడు. వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి, బండిని గేరులో ఉంచాడు. రెండు చక్రాలూ గాలిలో ఉన్నాయి.

"కుడిది ముందుకు తిప్పితే ఎడమది ఎనక్కి తిరుగుతాది. అక్క నీ ఈడుకు వచ్చేదాకా తిప్పుకో. అయితే ఒకటి. ఎడమ పక్క ఉండేదంతా ఎనక్కి వస్తాది. ఒకటి ఉంచి ఒకటి తీసేది కుదరదు."

ఆ మాట చెప్పి, చేతులు కడుక్కుని, జుమ్మా నమాజుకు వెళ్ళిపోయాడు.

నేను కుడి చక్రం ముందు గొంతుక్కూర్చుంటున్నాను. నేనెప్పుడూ చూడని బిడ్డ ఒక పక్క, ఎనిమిదేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న మనిషి ఒక పక్క. నేను పెద్దగా తర్జనభర్జన పడ్డానని అబద్ధం చెప్పను. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకు తిప్పుతున్నాను.

మొదటి చుట్టుకు నా మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి. నాలుగో చుట్టుకు సైడు అద్దంలో రెడ్డిరాణి తెల్లపాయ నల్లబడుతోంది. ముక్కు మీద కళ్ళజోడు పలచబడి కనిపించకుండా పోయింది. టైరులోంచి నా అరచేతులకు ఎక్కాలు వినిపిస్తున్నాయి. ఏడో ఎక్కం ఐదోది అయింది, ఐదోది రెండోది అయింది. తర్వాత అ ఆ లు. తర్వాత ఉంగా ఉంగా. ఇంకో చుట్టు తిప్పితే పసికందు ఏడుపు.

నాకు చెవులు మూసుకోవాలని ఉంది. చేతులు ఖాళీగా లేవు.

చక్రం ఆగిపోయింది. బండి కిందుగా చూస్తే ఎడమ చక్రం దగ్గర రెడ్డిరాణి పాదాలు కనిపిస్తున్నాయి. ఎప్పుడు దిగిందో తెలియదు. అటు చక్రాన్ని ఆమె పట్టుకుంది.

"నా ఒళ్ళో బరువు తగ్గతా ఉందయ్యా. తిప్పొద్దు."

"నువ్వు నన్నిడిసి పోతా ఉండావు," అంటున్నాను. "నువ్వు కావాల నాకు."

"నేను యాడికీ పోలే. నువ్వే రాలే."

ఆ మాట నిజం. నేను ఎప్పుడూ తిన్నటి రోడ్డు మీద, దగ్గరి దారిలో, కూర్చున్న చోటు నుంచి కదలకుండా అన్నీ రావాలనుకున్నవాణ్ణి. లోపల పసికందు గుక్కపట్టి ఏడుస్తోంది. అది నా బిడ్డ ఏడుపు. నా ప్రాణమంతా ఆ ఏడుపు మీదికి పోతోంది.  చక్రం మీది నుంచి చేతులు తీసేస్తున్నాను.

అటు పక్క రెడ్డిరాణి తన చక్రాన్ని ముందుకు తిప్పుతోంది. నా చక్రం వెనక్కి తిరుగుతోంది. నా మోకాళ్ళ నొప్పి పోయింది. మీసం పోయింది. చొక్కా భుజాల మీది నుంచి జారుతోంది. మడ్‌గార్డు నా కళ్ళ ఎత్తుకు, తర్వాత నా తల కన్నా పైకి వెళ్ళింది. లోపల పిల్ల ఒకటో ఎక్కం అందుకుంది. రెండు, మూడు, నాలుగు. ఈసారి ఏడో ఎక్కం తడబడకుండా చదివేస్తోంది.

చాలని చెప్పాలి. మా మధ్య బండి అడ్డంగా ఉంది, ఆమెకు నేను కనిపించను. బిడ్డ మళ్ళీ జారిపోతుందేమోనని ఆమె తల వంచుకుని ఇంకా తిప్పుతూనే ఉంది. పేరు పెట్టి పిలుద్దామనుకుంటున్నాను. ఆమె పేరు నా నోట్లో లేదు. చాలు అనే మాట కోసం వెతుకుతున్నాను. అదీ లేదు.

ఖాజాపీర్ నమాజు నుంచి వచ్చి జాకీలు దించుతున్నాడు. నా కోసం చుట్టూ చూసి, కాళ్ళ దగ్గరున్న నన్ను పోల్చుకోక, నేల మీదున్న చొక్కాను తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె దుమ్ము దులిపి, చొక్కాను డ్రైవరు సీట్లో ఆనించి, మెడ దాకా గుండీలు పెడుతోంది. చొక్కా చేతులు రెండూ ఉబ్బి స్టీరింగును పట్టుకుంటున్నాయి.

"పోదామా," అని ఆమె చొక్కాను అడుగుతోంది. బండి స్టార్టవుతోంది. మూలుగు లేదు.

బండికి అవతలి పక్క నుంచి ఒక అమ్మాయి వస్తోంది. బడి గౌను, రెండు జడలు, ముందు పళ్ళు రెండు లేవు. నన్ను చూసి ఆగింది.

"అమ్మా, ఆ పిల్లోడు ఎవురు?"

ఆమె నా వైపు చాలాసేపు చూస్తోంది. ఏదో గుర్తుకు రాబోతున్నట్టు నొసలు ముడుస్తోంది. "ఎవురో. తప్పిపోయినట్టుండాడు," అని, అమ్మాయిని ఎక్కించి తలుపు వేస్తోంది.

షెడ్డు గేటు దాటగానే కుడి మలుపు. చొక్కా స్టీరింగును మెల్లగా కుడికి తిప్పుతోంది. అమ్మాయి ఎడమ సీట్లో మోకాళ్ళ మీద లేచి, వెనక అద్దంలోంచి నాకు చెయ్యి ఊపుతోంది. ఎవరో నాకు తెలియదు. చెయ్యి ఊపితే తిరిగి ఊపాలని మాత్రం తెలుసు. నేను ఊపుతున్నాను. బండి మలుపు తిరుగుతోంది, అద్దంలో ఆ చెయ్యి పొడుగవుతోంది, దానికి గాజులు వస్తున్నాయి. మలుపు సగమయ్యేసరికి ముడతలు పడిన ఒక ముసలి చెయ్యి ఇంకా నా వైపే ఊగుతోంది.