గోడ చూసిన కోడలు

ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే అత్తగారికి కోడలి మీద ఒకటే అసంతృప్తి. పేరుకు డాక్టరే గాని మెడలో స్టెతస్కోపు లేదు, నాడి పట్టదు, మందు రాయదు. పొద్దున్నే వెళ్లి ఆసుపత్రి కింది అంతస్తులో, మసక గదిలో కూర్చుని తెర మీద బొమ్మలు చూసి వస్తుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు "మీ కోడలికి ఒకసారి చూపించుకోవచ్చా?" అనడిగితే, "అది ఫొటోల డాక్టరులేమ్మా, మనుషుల్ని చూడదు" అని దాటేసేది. ఆ మాట చెవిన పడినా కోడలు నవ్వి ఊరుకునేది.

అత్తగారి ఆఖరి తమ్ముడు దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. చేయి తిరిగినవాడు. కొంతకాలంగా తలనొప్పి అంటుంటే, ఎండలో నిచ్చెనెక్కే పని కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు మందుల షాపు బోర్డు మీద రాసిన అక్షరాన్నే మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోయాడు. షాపతను పిలిస్తే తిరిగి చూశాడు గాని నోట మాట సరిగా రాలేదు.

ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. మెదడులో అక్కడక్కడ రక్తం అందక చిన్న చిన్న దెబ్బలు తగిలాయన్నారు. రక్తనాళాలు ఇరుకయ్యాయి, కొవ్వు పేరుకుని ఉంటుందని రక్తం పలచబడే మాత్రలిచ్చారు. అవి మింగుతుండగానే కుడిచేయి పట్టు తప్పింది.

కబురు వినగానే అక్క సగం కుట్టిన జాకెట్టు మిషను మీదే వదిలేసి పరుగున వచ్చింది. వార్డు బయట కోడలు నరాల డాక్టరుతో మాట్లాడుతోంది.

"వయసు చిన్నది, బీపీ లేదు, షుగరు లేదు సార్. ఇన్నిచోట్ల కొవ్వంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు."

"మరేమంటావమ్మా?"

"మనం ఇప్పటిదాకా చూసింది నాళం లోపలి దారిని. అది ఇరుకైందని తెలిసింది గాని ఎందుకైందో తెలీలేదు. ఈసారి నాళం గోడ కనిపించేలా ఎమ్మారై తీద్దాం."

ఆ పెద్ద డాక్టరు పాత స్కాన్లు ఇంకోసారి తిరగేసి, "సరే, తియ్యి" అన్నాడు.

స్కాను అయ్యాక కోడలు ముందు తోటి డాక్టరును పిలిచి బొమ్మలు చూపించింది. మా ఇంటి మనిషి, నా కళ్లు నన్నే మోసం చెయ్యొచ్చు అంది. ఇద్దరి మాటా ఒకటే అయ్యాకే అత్తగారిని లోపలికి రానిచ్చింది. ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఇదిగో అత్తయ్యా, మావయ్య మెదడులో నాళం. అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో అలా కనిపిస్తోంది. కొవ్వయితే మామూలుగా ఒక పక్కకే ఉబ్బుతుంది. ఇక్కడ చుట్టూతా మందంగా ఉంది. రంగుమందు ఎక్కించాక గోడంతా ఉంగరంలా మెరుస్తోంది, చూశారా? గోడే వాచినట్టుంది."

"వాపంటే తగ్గేదేనా అమ్మాయ్?"

"వెన్నులో నీరు తీసి చూడాలి. ఇన్ఫెక్షను కాదని తేలితే వాపు తగ్గించే మందులున్నాయి. తగ్గుతుందనే నా ఆశ."

అత్తగారు తెరకేసి చూడడం మానేసి కోడలి మొహంలోకి చూసింది. చూసి చూసి ఆ పిల్ల కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

వెన్నునీటి పరీక్ష కూడా కోడలి మాటకే ఓటేసింది. స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ముందు తలనొప్పి పోయింది, తర్వాత మాట దారికొచ్చింది. చేయి మాత్రం మొండికేసి, నెమ్మదిగా మాట వింది. కొన్ని నెలలకు మళ్లీ స్కాను తీస్తే మెరుపు చాలావరకు మాసిపోయింది.

"గోడ చూద్దామని మీ కోడలు పట్టుబట్టకపోతే ఇంకా ఆ మాత్రలే ఇస్తూ ఉండేవాళ్లమమ్మా" అన్నాడు నరాల డాక్టరు, అందరి ముందూ.

"అక్కా, నీ కోడలు నా తలలోకి తొంగిచూసి వచ్చింది. లోపల ఏమైనా ఉందో లేదో అడిగావా?" అన్నాడు తమ్ముడు.

"అడగడం దేనికిరా? లేదని నాకు చిన్నప్పుడే తెలుసు" అంది అక్క, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

తమ్ముణ్ణి వాళ్లింట్లో దింపి అత్తాకోడళ్లు బస్సెక్కారు. పక్కసీటావిడ అడక్కపోయినా అత్తగారు మొదలుపెట్టింది: దారి వేరట, గోడ వేరట, గోడను చూడాలంటే అందుకు తగ్గ కన్నుండాలట. కోడలు సిగ్గుతో కిటికీ వైపు తిరిగింది. వినేవాళ్లు ముందుసీట్లోంచీ వెనకసీట్లోంచీ పోగయ్యారు. దిగాల్సిన స్టాపు దాటిపోయినా అత్తగారు చెప్పడం ఆపలేదు.