అబ్బా కప్పి వెళ్లిన పడవ

తడిసిన చెక్క వాసన.

తారు, నాచు, చేప పొలుసు, పలకల సందుల్లో ఏనాడో ఇరుక్కున్న బెల్లం... అన్నీ కలిసిన వాసన. గోదావరి అనగానే షాకేరాకు మొదట గుర్తొచ్చేది నీళ్లు కాదు. ఆ వాసన.

ఏడాదికి ఒక్కరోజు వచ్చే వాసన.

ఈ ఏడాది ఇంకా రాలేదు. ఎండాకాలం అయిపోవచ్చింది. మబ్బులు అడవి మీదికి దిగుతున్నాయి. ఇంకా రాలేదు.

తల్లాడ సెంటర్‌లో వాళ్లది పట్టాలు కుట్టే కొట్టు. మిర్చి కల్లాల్లో పరిచేవి, బండ్ల మీద కప్పేవి, వాన పడితే పందిరి మీద లాగేవి. మండలంలో మిరపకాయ ఎక్కడ ఎండినా దాని కింద అబ్బా కుట్టిన పట్టా ఉండేది. సీజన్ అంతా ఆయన మిషన్ దిగేవాడు కాదు. ఆఖరి పట్టా అమ్ముడుపోయాక మాత్రం కొట్టుకు తాళం వేసి, ఆ తాళంచెవి అమ్మీ చేతిలో పెట్టి, ఒకే మాట అనేవాడు.

"చలో. పడవ కిరాయికి తీసుకుందాం."

ఎవరైనా తిరునాళ్లకు పోతారు. సినిమాకు పోతారు. హైదరాబాద్ పోతారు. షాకేరా తండ్రి సిరాజుద్దీన్ మాత్రం గోదావరి ఒడ్డున బూర్గంపాడు పోయి, ఒక రోజంతా ఒక పడవను తనది చేసుకునేవాడు. ఎక్కడికీ పోయేది లేదు. నది నడుమ ఇసుక తిన్నె దాకా పోవడం, తినడం, పడుకోవడం, పొద్దు వాలేసరికి తిరిగి రావడం. అంతే పండగ.

ఈత రాని మనిషికి అంత పడవ పిచ్చి ఏమిటో...

రేవులో వీరన్న ఎదురుచూస్తూ ఉండేవాడు. చేపలకు అతనికి ఫైబర్ పడవ ఉంది, ఒక మనిషికీ ఒక వలకూ సరిపోయేది. ఈ చెక్కపడవ వాళ్ల నాయన నాటిది. ఏడాది పొడుగునా ఒడ్డు మీద ఉండేది. అబ్బా ఫోన్ చేయగానే పట్టా విప్పి, లాక్కెళ్లి నీళ్లలో ముంచి నానబెట్టేవాడు. ఎండిన పలకలు నీళ్లు తాగి ఉబ్బి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేదాకా. ముందు మునిగితేనే తర్వాత తేలుతుంది చెక్కపడవ.

"వీరన్నా, మునుగుతదా తేలుతదా?" ఏటా అదే ప్రశ్న.

"మీరు ఎక్కితే మునుగుతది భాయ్. భాభీ ఎక్కితే తేలుతది." ఏటా అదే జవాబు.

ఏటా అమ్మీ నవ్వు కొంగు చాటుకు పోయేది.

నాలుగు వెదురు కర్రలు. వాటి మీద అబ్బా స్వయంగా కుట్టిన నీలం పట్టా. దాని నీడ మీద పడితే మనుషులు కూడా నీలంగా అయ్యేవాళ్లు. అమ్మీ చేతులు నీలం. తమ్ముడు పర్వేజ్ పళ్లు నీలం. పుచ్చకాయ వలసంచిలో పడవ వెనక ఈదుకుంటూ వచ్చేది. షాకేరాకు ఒక పని ఉండేది. అడుగున ఊరే నీళ్లను డబ్బాతో తోడి బయట పోయడం. ఎంత నానినా కొంచెం ఊరుతూనే ఉంటుంది. గలక్... గలక్... ఆ చప్పుడుకే పర్వేజ్ నిద్రపోయేవాడు.

నడి నీళ్లకు చేరాక తెడ్డు ఆగేది.

అప్పుడు అమ్మీ మలీద డబ్బా తెరిచేది. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి, సోంపు కలిపిన మలీద. నీళ్లకు పెద్ద ఖిజర్ సాబ్ అని అబ్బా నమ్మకం. ఫాతేహా చదివి, మొదటి పిడికెడు నదిలో వదిలేవాడు. రెండో పిడికెడు అమ్మీ అరచేతిలో పెట్టేవాడు. ఒడ్డున కాదు. ఒడ్డున పెట్టింది ఒడ్డుకే చెందుతుందట. నడి నీళ్లలో, వంగితే చెయ్యి నీటికి తగిలేంత దగ్గరలో.

ఆ రెండో పిడికెడు తినేటప్పుడు అమ్మీ ఎవరి వైపూ చూసేది కాదు.

మొన్న చలికాలం, కల్లాలు ఎర్రబడుతున్న రోజుల్లో, అబ్బా మిషన్ మీద తల వాల్చాడు. సగం కుట్టిన పట్టా ఒడిలోనే ఉంది.

భర్త పోయిన ఆడవాళ్లు పాటించే ఇద్దత్‌లో కూర్చుంది అమ్మీ. నెలల తరబడి గడప దాటలేదు. ఇద్దత్ ముగిసింది. అయినా దాటలేదు. తీపి అసలే ముట్టలేదు. రంజాన్ వచ్చింది, సేమ్యా గిన్నె పక్కకు జరిపింది. చుట్టాలు బతిమాలారు. పక్కింటి పద్మావతమ్మ తిట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకరోజు షాకేరాతో మాత్రం, గోడ వైపు చూస్తూ అంది.

"మీ అబ్బా పెట్టే ముద్ద పడవల పెడుతుండె. పడవ ఎక్కినప్పుడే తింట."

అంతే. ఆ ఒక్క మాట పట్టుకుంది షాకేరా.

పడవ. ఒక పడవ. ఒక్కరోజుకు.

అంత కష్టమా?

వీరన్నకు ఫోన్ చేసింది. "పడవ తయార్‌గనే ఉంది బిడ్డా. ఎప్పుడన్న రాండ్రి."

బయలుదేరే రోజుకు కొట్టుకు గిరాకీ వచ్చింది. కొట్టు ఇప్పుడు ఆమెదే, మిషన్ ఆమెదే. గిరాకీ వదులుకోలేకపోయింది. మళ్లీ ఫోన్. "తయార్‌గనే ఉంది." ఈసారి అమ్మీకి మోకాలి నొప్పి. మళ్లీ ఫోన్. "తయార్‌గనే ఉందంటున్న గద." ఖమ్మంలో కోచింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేసే పర్వేజ్‌కు సెలవు దొరకలేదు.

"అక్కా, ఆ పాత పడవెందుకు? లాంచీ బుక్ చేస్త. ఏసీ ఉంటది. భోజనం ఆళ్లే పెడతరు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అమ్మీ వంగి అడిగింది. "లాంచీల కూసుంటే చెయ్యి నీళ్లకు అందుతదా?"

"చెయ్యెందుకమ్మీ నీళ్లల్ల? రెయిలింగ్ ఉంటది."

"అయితే వద్దు."

మబ్బులు కిందికి దిగుతూనే ఉన్నాయి. కొత్తనీరు వస్తే పడవలు ఒడ్డెక్కుతాయి. తిన్నె మునిగిపోతుంది. మళ్లీ నది తేటపడేది ఎప్పుడో. అప్పటిదాకా అమ్మీ ఆ మాట మీద ఉంటుందా? ఆ మాట కూడా గోడ వైపు తిరిగి పడుకుంటుందా?

చివరికి ఎవరికోసమూ ఆగలేదు. తెల్లారకముందే రొట్టెలు కాల్చింది. వేడి మీద నలిపితే వేళ్లు కాలాయి. కాలితే కాలనీ అనుకుంది.

కొత్తగూడెం బస్సు ఆలస్యం. రెండో బస్సులో సీటు లేదు. అమ్మీ మలీద డబ్బాను పసిపిల్లలా గుండెకు పట్టుకుని నిలబడింది. ఎవరో లేచి చోటిచ్చారు. కిటికీ అవతల టేకు చెట్లు, యూకలిప్టస్ తోటలు, మళ్లీ టేకు చెట్లు. ఎన్నాళ్లకో బయటికొచ్చిన మనిషి, ఒక్కసారీ బయటికి చూడలేదు.

రేవు ఖాళీగా ఉంది.

ఖాళీగా అంటే, పడవలున్నాయి. అన్నీ ఒడ్డు మీద. వలలు చుట్టి ఉన్నాయి. దస్రు అనే చేపలాయన బీడీ కాలుస్తూ చెప్పాడు.

"పైన వానలు పడ్డయంట. కొత్తనీరు వస్తుందని పొద్దుగాల్నే చెప్పిపోయిన్రు. మనుషుల్ని ఎక్కియ్యద్దన్నరు."

"ఎప్పుడొస్తది?"

"నీళ్లకు టైమ్ ఉంటదా అమ్మా? బస్సా ఏంది?"

షాకేరా ఒడ్డంతా చూసింది. వేప చెట్టు కింద ఒక నీలం గుట్ట. అబ్బా పట్టా. దాని కింద పడవ ఆకారం. పక్కనే వీరన్న, భుజం మీద తువ్వాలు, మొహంలో ఏదో దాచుకున్నవాడిలా.

పడవ నీళ్లలో లేదు.

"మామా."

"రా బిడ్డా. భాభీ, సలాం. మంచిగున్నరా?"

"మామా, తయార్‌గ ఉందంటివి గద."

"తయార్‌గనే ఉంది. ఎండ తగల్నియ్యలె. వాన తగల్నియ్యలె. ఎలుకను గూడ రానియ్యలె."

"నీళ్లు తగిలినయా?"

వీరన్న తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు. మళ్లీ తీశాడు.

"నానేద్దామనే అనుకున్న. నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల అనుకున్న. వచ్చి గీ ముడి కాడ కూసుందు. పోయినేడు మీరు దిగిపోయేటప్పుడు భాయే కప్పిండు గద దీన్ని. ఆయన ఏసిన ముడి. నేనెట్ల ఇప్పుదు?"

షాకేరాకు కోపం వచ్చింది. మామూలుగా రాదు ఆమెకు. వస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వీరన్న మీద వచ్చింది. లేటయిన బస్సు మీద వచ్చింది. రెయిలింగ్ మీద వచ్చింది. కనపడని కొత్తనీటి మీద వచ్చింది. చివరకు, తిరిగి తిరిగి, అబ్బా మీద వచ్చింది.

అంత గట్టిగా ముడి వేసి పోవాలా...

ఒక్క ముడికి, పడవ నడిపే మనిషి పడవనే ఎండబెట్టుకున్నాడు. ప్రేమగా. భద్రంగా. ఇంచు ఇంచూ ఎండబెట్టాడు.

మోకాళ్ల మీద కూర్చుని ముడి పట్టుకుంది. ఆ ముడి ఆమెకు తెలుసు. కొట్టులో ప్రతి పట్టా మూటకూ అదే. లోపలి కొసను ముందుగా వెనక్కి తోయాలి. ఏడాది ఎండకు తాడు రాయిలా బిగుసుకుంది. గోరు విరిగింది. పళ్లతో పట్టి లాగింది. నోట్లో దుమ్ము, ఎండ రుచి.

ఊడింది.

చేతిలో ఉత్త తాడు. మళ్లీ అలాగే వేయగలదు. వేసినా అది ఆమె ముడి అవుతుంది.

పట్టా లాగారు. వాసన రాలేదు. ఎండిన కట్టె వాసన, అంతే. పలక పలకకూ మధ్య వెలుతురు. అవతల గడ్డి కనబడుతోంది. గడ్డి మీద పాకుతున్న చీమ కూడా కనబడుతోంది.

"ఎన్నాళ్లు నానాలె?"

"ఉబ్బేదాక."

"మామా, ఎన్నాళ్లు?"

"కొత్తనీరు రాకుంటే చెప్పేటోణ్ణి బిడ్డా."

అయినా తోశారు. వీరన్న ఒక పక్క, షాకేరా ఒక పక్క, బీడీ పారేసి దస్రు వెనక. పడవ ఇసుక మీద మొరాయిస్తూ జారి, రేవు అంచున నీళ్లలోకి దిగింది. ఒక్క క్షణం తేలినట్టే తేలింది. తర్వాత అన్ని సందుల నుంచీ ఒకేసారి నీళ్లు. చప్పుడు చేయకుండా, పడుకున్నట్టు, అడుగు అంటింది. అంచులు మాత్రం బయట. అడ్డపలక నీటి మట్టాన.

ఫోన్ మోగింది. పర్వేజ్. "ఎక్కిన్రా అక్కా? ఫోటో పెట్టు." కట్ చేసింది.

షాకేరా పడవలోకి దిగింది. నీళ్లు మోకాళ్ల పైకి. వీరన్న పడవలో ఎప్పుడూ ఉండే డబ్బా దొరికింది. తోడింది. పోసింది. తోడింది. పోసింది. బయట పోసిన నీళ్లే లోపలికి వస్తున్నాయి. తెలుసు. అయినా తోడింది. చేతులకు వేరే పని తెలియదు ఈ పడవలో.

గలక్... గలక్...

"బిడ్డా, ఇది తోడితే పోయేది గాదు," అన్నాడు వీరన్న.

"నువ్వు మాట్లాడకు మామా."

అతను ఒడ్డు మీది పట్టా మడత పెట్టసాగాడు.

వెనక నీళ్లు కదిలాయి. తిరిగి చూసింది. అమ్మీ. చెప్పులు ఒడ్డున, పక్కపక్కనే. చీర తడుస్తున్నా ఎత్తుకోలేదు. ఒక చేత్తో మలీద డబ్బా, ఒక చేత్తో అంచు పట్టుకుని, నొప్పి మోకాలు ముందు ఎత్తి, మునిగిన పడవలోకి ఎక్కింది. ఏటా కూర్చునే చోటే కూర్చుంది. అడ్డపలక మీద. మోకాళ్ల దాకా నీళ్లు.

"భాభీ, పాచి ఉంటది, పైలం," అన్నాడు వీరన్న. తర్వాత, ఆపుకోలేక, ఎవరి కోసమో ఉంచుకున్న మాట చివరి ముక్క మెల్లగా అన్నాడు. "మీరెక్కితే తేలాలె గద..."

కొంగు మొహం మీదికి వెళ్లింది. నవ్వో, కాదో.

అమ్మీ మలీద డబ్బా తెరిచింది. పెదాలు కదిలాయి. చాలాసేపు కదిలాయి. మొదటి పిడికెడు తీసి, పడవ అంచు అవతలకు వంగి వదిలింది. వంగాల్సినంత దూరం కూడా లేదు. మలీద నీటి మీద విచ్చుకుని, ఒడ్డు వైపు పోవాలా నడిమికి పోవాలా తేల్చుకోలేక అక్కడే తిరిగింది.

"షాకేరా. ఇది ఒడ్డా, నడి నీళ్లా?"

షాకేరా కిందికి చూసింది. కాళ్ల కింద ఇసుక ఉంది. ఇసుక మీద పడవ ఉంది. పడవలో నది ఉంది.

"తెల్వదమ్మీ."

అమ్మీ కుడిచేయి చాపింది. అరచేయి పైకి. ఏటా చాపినట్టే. ఎవరి వైపూ చూడకుండా.

షాకేరా నీళ్లు తోడే డబ్బా వదిలేసింది. అది తేలుతూ పడవలోనే ఒక మూలకు పోయింది. తడిచేతులతో పిడికెడు మలీద తీసి, ఆ అరచేతిలో పెట్టింది. కాలిన వేళ్లకు బెల్లం చుర్రుమంది. అమ్మీ పిడికిలి మూసుకుంది.

మూసుకునే ఉంది.

ఎగువన, కిన్నెరసాని కలిసే చోట, నీళ్ల మీద సన్నగా ఎర్రటి గీత. మిరప కల్లం అంచులా. గీత వెడల్పు అవుతోంది. దస్రు లేచి నిలబడి కొత్తనీరు, కొత్తనీరు అని అరుస్తున్నాడు. వీరన్న తాడుతో పడవ కొసను వేప చెట్టుకు కడుతున్నాడు. తన ముడి వేస్తున్నాడు.

"అమ్మీ. తిను. పోదాం."

అమ్మీ నీళ్లకేసి చూస్తోంది. పిడికిలి సందుల్లోంచి బెల్లం నీరు ఒక్కో చుక్కా కారి, పలక మీద పడుతోంది.

షాకేరా చేతి కింద ఆ పలక. పొద్దున పొడిగా, గరుకుగా ఉన్నది. ఇప్పుడు కొంచెం మెత్తబడింది. కొంచెమే.

అక్కడి నుంచి, మెల్లగా, ఏడాది ఆలస్యంగా —

తడిసిన చెక్క వాసన.