రుచి చూడకుండా వండిన మాంసం

నాగజ్యోతి ట్రాలీలో పంది మాంసం ఉంది. దాని మీద రెండు కొత్తిమీర కట్టలు, ఒక క్యాబేజీ, ఆ పైన పెద్ద పెరుగు డబ్బా. ఎంత కప్పినా పాడు ప్యాకెట్టు ఒక మూల నుంచి గులాబీరంగులో తొంగిచూస్తూనే ఉంది. ఇంగ్లండులోని ఆ బేసింగ్‌స్టోక్ ఊళ్ళో ఇంకెవరూ లేనట్టు సరిగ్గా అప్పుడే ప్రభావతి ఆంటీ ఎదురొచ్చింది.

ఆ ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలకూ ప్రభావతే పెద్దదిక్కు. ప్రతి శనివారం వాళ్ళింట్లో లలితా పారాయణం, ఆ తర్వాత పులిహోర. రాని వాళ్ళ లెక్క ఆవిడ దగ్గర ఉంటుంది.

"ఏమ్మా జ్యోతీ, నల్లపూసైపోయావు! బొత్తిగా రావడమే మానేశావు."

"పని ఎక్కువగా ఉందాంటీ."

"పని ఎవరికి లేదమ్మా? అవునూ, ఏమైనా విశేషమా?"

"ఏం లేదాంటీ."

"ఏమిటో మరి. మీ ఆయనేమో వారమంతా ఎక్కడో ఆ అబర్డీన్‌లో, నువ్వేమో ఇక్కడ. ఇలాగైతే ఎలా?" అంటూ ఆంటీ ట్రాలీ అంచు మీద చెయ్యి వేసింది. ఆంటీ క్యాబేజీ పట్టి చూసి, గట్టిగానే ఉందని మెచ్చుకుని, పప్పులో వెయ్యమని సలహా ఇచ్చి వెళ్ళిపోయింది. ఆవిడ చూపు ఇంకో జానెడు కిందికి దిగి ఉంటే ఈ పిల్ల గతి ఏమయ్యేదో!

ఆ 'విశేషమా' అనే ప్రశ్నకు జడిసే నాగజ్యోతి శనివారాలు వెళ్ళడం మానుకుంది. అక్కడ ఆడవాళ్ళ మాటలన్నీ పిల్లల స్కూళ్ళ చుట్టూ తిరుగుతాయి. పిల్లలు లేని మనిషి వాళ్ళ మధ్య ఏం మాట్లాడుతుంది? ప్లేట్లు అందిస్తుంది, గ్లాసుల్లో నీళ్ళు పోస్తుంది, తలనొప్పి అని చెప్పి పెందలాడే ఇంటికొచ్చేస్తుంది.

ఇక పంది మాంసం సంగతి. నాగజ్యోతిది బాపట్ల దగ్గర పల్లె. ఇంట్లో కోడి, చేప, ఆదివారం ఆదివారం వేటమాంసం అన్నీ తినేవాళ్ళే. పంది పేరెత్తితే మాత్రం "ఛీ ఛీ" అని నోరు కడుక్కునేవాళ్ళు. ఆవిడా పుట్టిబుద్ధెరిగి దాన్ని ముట్టలేదు. అలాంటి మనిషి ఇప్పుడు ఏరికోరి పంది భుజం కొంటోందంటే అదంతా డెబ్రా కోసం.

డెబ్రా అమెరికా మనిషి, నార్త్ కరోలినా నుంచి వచ్చి ఇంగ్లీషు అతన్ని పెళ్ళి చేసుకుని ఇక్కడ ఇన్సూరెన్సు ఆఫీసులో చేరింది. నాగజ్యోతి కూడా అదే ఆఫీసులో కంప్యూటర్ టెస్టింగ్ పని చేస్తుంది. అక్కడ పని కాకుండా వేరే మాట మాట్లాడేది ఒక్క డెబ్రానే. టీ కాచుకునే దగ్గర కలిస్తే చాలు, ఊరి కబుర్లు ఎత్తుకుంటుంది. పరాయి దేశంలో ఇద్దరం పరాయివాళ్ళమే కదా అని నాగజ్యోతి మనసులో ఒక చిన్న ఆశ. లంచ్ వేళకు మాత్రం డెబ్రా కిటికీ పక్క పొడుగు బల్ల దగ్గర మిగతావాళ్ళతో కూర్చుంటుంది. నాగజ్యోతి పెరుగన్నం డబ్బా తన డెస్కు దగ్గరే, తెర వంక చూస్తూ ఖాళీ చేస్తుంది. మూడేళ్ళుగా అదే వరస.

"మా అమ్మ చేసే పంది మాంసం తిని ఎన్నేళ్ళయిందో," అంది డెబ్రా ఒకరోజు. "రోజంతా సన్నసెగ మీద ఉడకాలి. ఫోర్కు తగిలితే దారాల్లా విడిపోవాలి. దాని మీద వెనిగర్ సాస్. చిక్కగా, తియ్యగా ఉండేది కాదు, నీళ్ళలా పల్చగా, పుల్లగా, కారంగా. ఎవరైనా కెచప్ పట్టుకొస్తే మా అమ్మ ఇంట్లోంచి గెంటేసేది." చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

పల్చగా, పుల్లగా, కారంగా. అంటే చారే కదా అనుకుంది నాగజ్యోతి. సోమవారం డెబ్రా పుట్టినరోజు. అందరూ తలా ఒక వంటకం తెచ్చి ఆ పొడుగు బల్ల దగ్గర తినాలని అనుకున్నారు. ఈ మాంసం నేను వండి తీసుకెళితే? డెబ్రా తన పక్కన కూర్చోమనదూ? కూర్చోమంటే ఆ మాంసం కూడా తినేస్తాను, ఏమైతే అదే అవుతుంది. నాగజ్యోతి ఆలోచన అంత దూరం వెళ్ళిపోయింది పాపం! ఒక మనిషి పక్కన కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళయిందో.

ఆదివారం పొద్దున్నే పూజ అల్మారాకు తెర లాగేసి, "కాసేపు అటు తిరగండి స్వామీ" అని చెప్పి పని మొదలుపెట్టింది. గంటలకొద్దీ మెల్లగా ఉడికించే కరెంటు గిన్నె, స్లో కుక్కర్, ఒకటి ఇంట్లో ఉంది. భర్త విజయభాస్కర్ ఎప్పుడో సేల్లో కొన్నాడు. అందులో కందిపప్పు పెడితే సాయంత్రానికి కూడా పలుకు పలుకుగానే ఉందని కోపమొచ్చి అటక మీద పడేశాడు. దాన్ని దించి, కడిగి, అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచింది. మాంసానికి ఉప్పు, మిరియాలు, ఎర్ర కారం, ముదురు రంగు పంచదార పట్టించింది. మొదటిసారి చెయ్యి వేసినప్పుడు ఒళ్ళు జలదరించింది. రెండోసారికి అది ఒట్టి మాంసమే అయిపోయింది. మూత పెట్టి మీట సన్నసెగ మీదికి తిప్పింది.

మధ్యాహ్నానికి ఇల్లంతా వాసన. నవంబరు చలిలో కిటికీలన్నీ బార్లా తెరిచి, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని కూర్చుంది. చెడ్డ వాసనేం కాదు. ఆ మాట ఒప్పుకోవడానికే ఆవిడకు కాస్త సిగ్గేసింది.

అప్పుడే విజయభాస్కర్ ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"వంట."

"ఏం వంట?"

"క్యాబేజీ పప్పు."

"బాగుంది. నేనిక్కడ సాండ్‌విచ్చులు తినలేక చస్తున్నాను. వచ్చే వారం కూడా కుదిరేలా లేదు జ్యోతీ, సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది."

"సరేనండీ."

"ఏంటి, కోపమా?"

"లేదండీ. కిటికీలు తెరిచి ఉన్నాయి, చలిగా ఉంది, ఉంటాను," అని పెట్టేసింది. కోపం తెచ్చుకుంటే బతిమాలడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా.

సాయంత్రం రెండు ఫోర్కులు పెట్టి లాగితే మాంసం నిజంగానే పోగులు పోగులుగా విడిపోయింది. సాసు సంగతే మిగిలింది. యాపిల్ వెనిగర్లో ఎండుమిరప తునకలు, మిరియాల పొడి, ఉప్పు, కాస్త పంచదార వేసి కాచింది. రుచి చూద్దామని గరిటె నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. సాసులో మాంసం ఊట కూడా పోసింది మరి. డెబ్రా పక్కన కూర్చున్నప్పుడు తినడం వేరు, ఈ వంటింట్లో ఒంటరిగా నిలబడి నాకడం వేరు. వాళ్ళ నాయనమ్మ నైవేద్యానికి వండేటప్పుడు రుచి చూసేది కాదు. చేత్తోనే ఉప్పు కొలత, ముక్కుతోనే పులుపు కొలత. నాగజ్యోతి కూడా గిన్నె మీదికి వంగి గట్టిగా వాసన పీల్చింది. దగ్గు తన్నుకొచ్చింది. ఇంకొంచెం ఉప్పు వేసి, ఇక దేవుడి దయ అనుకుంది.

సోమవారం లంచ్ వేళకు ఆఫీసు కిచెన్లో కుక్కర్ మూత తీసేసరికి డెబ్రా పరుగెత్తుకొచ్చింది. పోగులు బన్నులో పెట్టి, పైన ఆ సాసు ఓ గరిటెడు పోసి నాగజ్యోతి అందించింది. డెబ్రా ఒక్క ముక్క కొరికి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కళ్ళ నిండా నీళ్ళు. "మా అమ్మ వంటే!" అని నాగజ్యోతిని గట్టిగా కావలించుకుంది. ఈ దేశం వచ్చాక ఆవిడని అలా కావలించుకున్న మనిషి లేదు.

ఇక మిగతావాళ్ళు బన్నులు పట్టుకుని వరస కట్టారు. నాగజ్యోతి గరిటె వదల్లేదు. వండిన మనిషి వడ్డించాలి, అందరూ తృప్తిగా తిన్నాక ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కూర్చోబెట్టాలి. ఇది ఎవరూ చెప్పక్కర్లేని సంగతే. డెబ్రా పక్కన కుర్చీ ఒకటి ఖాళీగానే ఉంది. నాగజ్యోతి దాన్ని ఓరకంట చూస్తూ, మారు వడ్డిస్తూ, చూస్తూ, వడ్డిస్తూ ఉంది.

"జ్యోతీ, నువ్వు తినవా? రా," అంది డెబ్రా.

"అయ్యో, వద్దొద్దు. మీరు తినండి," అంది నాగజ్యోతి.

మన వైపు మొదటి పిలుపుకే పళ్ళెం పట్టుకుని ఎవరు పరుగెత్తుతారండీ? వద్దంటాం. వాళ్ళు 'అదేం కుదరదు' అంటారు. మళ్ళీ వద్దంటాం. వాళ్ళు కోప్పడతారు. అప్పుడు కూర్చుంటాం. నాగజ్యోతి గరిటె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, రెండో పిలుపు కోసం నవ్వుతూ నిలబడింది.

డెబ్రా అర్థమైనట్టు తలూపింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "జ్యోతి పంది మాంసం తినదు, వాళ్ళ మతంలో కూడదనుకుంటాను. అయినా నా కోసం వండింది. ఎవరూ బలవంతపెట్టకండి," అంది. ఎంత ప్రేమగా అందనీ! అందరూ నాగజ్యోతి వంక గౌరవంగా చూశారు. ఒకాయన పేపరు కప్పు పైకెత్తి ఆవిడ పేరు పలికాడు, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆలస్యంగా వచ్చిన కుర్రది ఎవరో ఆ ఖాళీ కుర్చీలో కూలబడి బన్ను అందుకుంది.

నోరు తెరిచి 'తింటాను' అంటే సరిపోయేది. చప్పట్లు కొట్టాక ఏ ముఖంతో అంటుంది? పెరుగన్నం కూడా తెచ్చుకోలేదు ఆ రోజు. వాళ్ళు గిన్నె అడుగు రొట్టెతో తుడిచి తుడిచి తింటుంటే చూస్తూ, ఖాళీ కడుపుతో ఒంటిగంట మీటింగుకి వెళ్ళింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి ప్రాణం ఉసూరుమంది. కోటైనా విప్పకుండా కుక్కర్ కడిగి బోర్లించింది. కుర్చీలో కూలబడి కాసేపు ఏడ్చింది. వాళ్ళ తప్పేముంది? వద్దంటే వద్దనే అనుకునే మనుషులు. ఈ మూడేళ్ళలో ఎన్నిసార్లు వద్దందో తనకే గుర్తులేదు. సినిమాకి వస్తావా, వద్దు. కారులో దింపమంటావా, వద్దు. లంచ్‌కి ఇటు రా, అయ్యో వద్దు. ఒక్కోసారి ఒక్కో తలుపు తన చేత్తోనే దగ్గరికేసుకుంది. రేపటి నుంచి ఇక అసలు అడగరు, గౌరవం కొద్దీ.

ఆ ఆలోచన రాగానే భయమేసింది. ఫోన్ తీసి డెబ్రా నంబరు నొక్కింది.

"జ్యోతీ? ఏమైంది? బాగానే ఉన్నావా?"

"బాగానే ఉన్నాను. డెబ్రా, మధ్యాహ్నం నువ్వు నన్ను తినమన్నావు. నేను వద్దన్నాను."

"అవును. అలా అడిగి ఇబ్బంది పెట్టానేమోనని అప్పటి నుంచీ..."

"కాదు, కాదు! మా వైపు మొదటిసారి అందరూ వద్దనే అంటారు. నాకు తినాలని ఉండింది. నీ పక్కన కూర్చుని తినాలనే వండాను." ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నువ్వు మళ్ళీ అడగాలి."

అవతల ఎవరో టీవీ ఆపేశారు.

"ఇప్పుడా?" అంది డెబ్రా.

"ఇప్పుడే."

డెబ్రా నవ్వలేదు. "జ్యోతీ, రా, వచ్చి మాతో కూర్చో. తింటావా?" అంది, ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు.

నాగజ్యోతి చుట్టూ చూసింది. వంటింట్లో ఒక్క మాంసం పోగైనా మిగల్లేదు. బల్ల దగ్గర రెండో కుర్చీ మీద విజయభాస్కర్ రెయిన్‌కోటు వేలాడుతోంది.

"తింటాను," అంది. తెలుగులోనే అనేసింది.