దొర జరిపిన కొండ

శుక్రవారం లోపల పిడికెడు మన్ను కావాలి. అది కూడా పెద్దమ్మ తల్లి రాళ్లు నిలబడిన చోటి మన్నే కావాలి.

విశాలమ్మ అత్తగారి వంశానికి ఆ తల్లి ఇలవేల్పు. గుడి లేదు, విగ్రహం లేదు, సున్నం పూసిన ఏడు రాళ్లే. బంగారు గనులు లోతయ్యే కొద్దీ, సైనైడుతో బంగారం తీసేశాక పారబోసిన మట్టి పెరిగి పెరిగి కొండంత దిబ్బయిందని, రాళ్లు దాని కిందికి పోయాయని అత్తగారు చెప్పేది. అందుకే ఇంటిల్లిపాదీ ఏటా ఆండర్సన్‌పేట నుంచి నడిచిపోయి, ఆ తెల్లటి సైనైడ్ దిబ్బకు ఎదురుగా దీపం పెట్టి టెంకాయ కొట్టి వస్తారు. దిబ్బలో ఏ మూల అని ఎవరూ అడగరు. విశాలమ్మ మాత్రం ముప్పై ఏళ్లుగా హారతి ఇచ్చినప్పుడల్లా అనుకుంటూనే ఉంది, ఈ వెలుగు తల్లి మొహాన పడుతోందా, వీపున పడుతోందా అని.

ఈ ఏడాది బావ ఓబలప్ప తమక అనే ఊళ్లో తన ఇంటి పక్కన చిన్న గుడి కట్టిస్తున్నాడు. శుక్రవారం పునాది.

"పాత జాగా మన్ను పునాదిలో పడితేనే తల్లి కొత్త చోటికి వస్తుందంట. పూజారి చెప్పినాడు. నువ్వు దగ్గర్లో ఉండావు, నువ్వే తేవాల," అన్నాడు ఫోన్లో. "ఆ దిబ్బ కాడ సుమ్మనే ఒక గుప్పెడు ఎత్తుకొచ్చెయ్ ఇంగ."

అలా సుమ్మనే, ఎక్కడిదో తెలియకుండా ఎత్తడానికి ఆమెకు చెయ్యి రాలేదు. తప్పు మన్ను పోస్తే తల్లి ఇక్కడే ఉండిపోతుంది. అక్కడ ఖాళీ గుడికి అందరూ దండం పెడుతుంటారు.

దారి చూపింది కూతురు సహన. కాలేజీ పని మీద ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఒక పాత రంగుల బొమ్మ కనబడింది. రెండు వందల ఏళ్ల కిందట ఫెన్‌విక్ అనే దొర వేసింది. ముందర ఏడు తెల్లరాళ్లు, వాటి దగ్గర ముగ్గురు ఆడవాళ్లు, వెనక రెండు కొండలు. ఎడమది ఎద్దు మూపురంలా ఉంది, కుడిదాని నెత్తిన చీలిన బండ ఉంది. అడుగున, గనులు రాకముందు ఇక్కడున్న ఊరి పేరు.

"ఎవురే ఈయన?" అంది విశాలమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని.

సహన చదివి చెప్పింది. పద్దెనిమిదో ఏట ఓడ దిగాడు. భూమి కొలిచే ఉద్యోగం. మద్రాసు నుంచి ఇనుప గొలుసు పరుచుకుంటూ, ఏ దొరా అడుగుపెట్టని అడవులు దాటుకుంటూ వచ్చాడు. ఎండలో దుర్భిణి చూసి చూసి కుడికన్ను పోయింది. పగలంతా కొలతలు, పొద్దు వాలాక బొమ్మలు. భార్య బెంగుళూరులో జ్వరంతో పోయింది, ఆ ఏడాది మాత్రం ఒక్క బొమ్మా వేయలేదు. చివరికి ఏదో నది పుట్టినచోటు చూద్దామని బర్మా కొండల్లోకి పోయి తిరిగి రాలేదు. సమాధి ఎక్కడుందో తెలియదు.

"అయ్యో పాపం," అంది విశాలమ్మ. "కొలిచే మనిషి కదా, కొండను తప్పుగా వెయ్యడులే," అనుకుంది.

బుధవారం పొద్దున్నే సొన్నప్పను వెంట పెట్టుకుని బయల్దేరింది. ఆయన గనిలో సర్వేయర్ల దగ్గర ముప్పై ఏళ్లు గొలుసు పట్టి రిటైరైన మనిషి.

"ఇది సులువమ్మా," అన్నాడు బొమ్మ చూసి. "కొండలు ఇట్లే కనబడే కాడ మనం నిలబడితే, దొర కూర్చున్న జాగా అదే. రాళ్లు ఆయప్ప ముందర."

దిబ్బ అంచున ఎర్రమట్టి ఇంకా మిగిలిన దారి వెంబడి నడిచారు. ఒకచోట మూపురం కొండ అచ్చం బొమ్మలోలా కుదిరింది, కానీ చీలిన బండ ఎక్కడో దూరంగా పోయింది. మరికొంత నడిస్తే చీలిన బండ కుదిరింది, మూపురం వంకర తిరిగింది. రెండూ ఒక్కసారి కుదిరే చోటు లేదు.

సొన్నప్ప అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వాడు.

"మోసం చేసినాడమ్మా మీ దొర! కొండను జరిపేసినాడు."

"కొండను జరుపుతారా అన్నా?"

"బొమ్మ అందంగా రావాలంటే జరుపుతారేమో. మా ఆఫీసులో ఈ పని చేసుంటే అదే దినం ఇంటికి పంపించుందురు!"

అదే దొర గీసిన మ్యాపు కూడా సహన ఫోన్లో పెట్టి ఇచ్చింది. సొన్నప్ప దాన్ని పెద్దది చేసి చూశాడు. కొండలు ఉన్నాయి, దారి ఉంది. రాళ్లు మాత్రం లేవు. కొలిచేటప్పుడు ఆ దొరకు తల్లి కనబడలేదా? బొమ్మ వేసేటప్పుడే కనబడిందా?

విశాలమ్మకు కాళ్లు లాగాయి. కొంగు నెత్తిన కప్పుకుని ఒక రాతి మీద కూర్చుంది. దిబ్బ మీది తెల్లదుమ్ము గాలికి లేచి, పొగమంచులా కమ్ముకుంది. రెప్పలు వాలాయి.

ఒంటికన్ను దొర మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొండల మధ్య చాలా ఎడం, ఒళ్లోని కాగితమేమో చిన్నది. లేచి అటు నడిచి చూస్తాడు, ఇటు నడిచి చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. కొంచెం జరగమ్మా అన్నట్టు కుంచె ఊపుతాడు. చీలిన బండ కొండ కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని లేచి, రాగి చేల మీదుగా మెల్లగా నడిచివచ్చి, మూపురం పక్కన సర్దుకుని కూర్చుంటుంది. ముగ్గురు ఆడవాళ్లూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

"అమ్మా, ఎండ దెబ్బ తగిలిందా ఏం?" సొన్నప్ప నీళ్ల సీసా చాపాడు.

"అన్నా, ఆయప్ప ఒకచోటే కూర్చోలేదు. ఆడ నిలబడి ఒక కొండను చూసినాడు, ఈడికి వచ్చి ఇంకోదాన్ని చూసినాడు. ఈ రెండిటి నడాన యాడో తల్లి ఉండాది."

"యాడో అంటే ఎట్లమ్మా? రెండువందల అడుగులుండాది."

"అయితే రెండువందల అడుగులూ నడుద్దాం. నువ్వు లెక్క చెప్పు. పదడుగులకు ఒక చిటికెడు తీస్తాను."

"పూజారి పిడికెడు తెమ్మన్నాడని చెప్తివే?"

"ఇరవై చిటికెలంటే పిడికెడు కాదా? మన్ను తెలిసిన మనిషివి, నువ్వే చెప్పు."

 విశాలమ్మ చెప్పులు విడవడం చూసి, సొన్నప్ప తనూ బూట్లు విప్పి పక్కన పెట్టాడు. గని లోపల చీకట్లో అరిచే గొంతుతో, ఒక్కో అడుగూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె వంగినప్పుడల్లా ఆగాడు.

నూటముప్పైయో అడుగు దగ్గర ఫోన్ మోగింది.

"ఏమ్మా, జాగా దొరికిందా?" ఓబలప్ప గొంతు.

"ఉండండి బావా," అంది విశాలమ్మ, కొంగున కట్టిన మన్ను మూట జారకుండా రొమ్ముకు అదుముకుంటూ. "ఇంకా ఆ జాగాలోనే నడుస్తా ఉండాను."