అద్దం మీది బొట్టుబిళ్ల

స్కార్‌బరోలోని ఆ ఎర్ర ఇటుకల భవనం నూరేళ్ల కిందట గొప్పింటి మగపిల్లల బడి. తండ్రులు దొరలు, మిల్లుల యజమానులు. పిల్లలు నాటకాలాడాలని లోపల చిన్న థియేటర్ కూడా కట్టించారు. యుద్ధంలో పెద్దపిల్లలు చాలామంది పోయారట. బడి మూతపడి, గాయపడ్డ సైనికులకు ఆసుపత్రి అయింది. తరవాత సిటీవాళ్లు తీసుకుని అద్దెకిచ్చారు. పన్నెండేళ్లుగా మన తెలుగువాళ్ల ఉగాది నాటకం అక్కడే. ముఖాలకు రంగు వేసేది నేను. రాణి వేషం నా భార్య విశాలాక్షిది.

వేషం తీసేటప్పుడు బొట్టుబిళ్ల అద్దానికి అంటించడం ఆమె అలవాటు. ఆఖరిసారి గ్రీన్‌రూమ్ అద్దానికి ఒకటి అంటించి వచ్చింది. ఆ ఏడు చలికాలంలోనే ఆమె పోయింది. ఇంట్లో అద్దాల మీదివి మా అమ్మాయి తుడిచేసింది. మిగిలింది అదొక్కటే.

మూడేళ్లు దాన్ని కదపలేదు. దాని చోటు అదే అనుకున్నాను. ఈ ఏడు భవనం అపార్ట్‌మెంట్లు కట్టే కాండోలవాళ్లు కొన్నారు. సోమవారం నుంచి కూల్చివేత. ఆదివారం ఆఖరి నాటకం. అది అయ్యాక బ్లేడుతో మెల్లగా తీసుకుందామనుకున్నాను, రంగు వేస్తున్నంతసేపూ చూసుకోవచ్చని.

రాణి వేషం ఈసారి కావ్యశ్రీది. కొత్తగా వచ్చిన కాలేజీ పిల్ల. కాఫీ షాపులో షిఫ్ట్ ముగించుకుని పరుగున వచ్చింది. ముఖానికి రంగు వేశాను. ఆడవాళ్లకు బొట్టు మాత్రం నేను పెట్టను, వాళ్లే పెట్టుకుంటారు.

తరవాత రాజు వేషం వేసే కిరీటికి మీసం అంటిస్తున్నాను.

"అంకుల్, ఇది స్టేజీ మీద ఊడిందంటే రాజుని కాదు, జోకర్ని అయిపోతా."

"నోరు మూస్తే ఊడదు."

వెనకనుంచి కావ్యశ్రీ, "అంకుల్, మీసాల గమ్ ఒక్క డ్రాప్!" అంది. చూడకుండానే సీసా వెనక్కి అందించాను.

బెల్లు మోగింది. ఆమె తలుపు దగ్గర ఆగి, "బాగున్నానా? బొట్టు మర్చిపోయి వచ్చా. లక్కీగా అద్దానికి ఒకటుంది" అంది.

అద్దం చూశాను. గుండ్రటి మచ్చ మాత్రం ఉంది.

తీసివ్వమ్మా అనాలి. నోరు తెరిచాను. రాణిని బోసి నుదుటితో ఎలా పంపను?

"బాగున్నావు, వెళ్లు" అన్నాను.

పక్క తెర చాటునుంచి నాటకమంతా ఆ నుదురే చూశాను. చప్పట్లయ్యాక జనం ఫొటోలకని స్టేజీ ఎక్కారు. వాళ్లను తోసుకుని గ్రీన్‌రూమ్‌కి చేరేసరికి ఆమె ముఖం కడుక్కుని తుడుచుకుంటోంది. వంగి నేలంతా వెతికాను.

"ఏం పోయిందంకుల్?"

"నీ బొట్టు."

"అదా? వాష్ చేస్తుంటే సింక్‌లో పోయింది. ఎవరిదో పాతది. రేపు ప్యాకెట్ కొనిస్తాలెండి. ఆంటీకా?"

"ఆఁ."

"ఏ సైజు పెట్టుకుంటారు?"

చిటికెన వేలి గోరు చూపించాను.